తీసేసిన బరువు, తిరిగి ఎక్కించిన బరువు: పాత స్పోర్ట్స్ కారు పందెపు కారుగా మారే తీరు

1972 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనకు జర్మనీ సంస్థ పోర్షే ఒక కొత్త కారును తీసుకొచ్చింది. దాని పేరు 911 కారెరా ఆర్‌ఎస్ 2.7. పందేలను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన ‘స్పోర్ట్’ రకంలో వెనుక సీట్లు లేవు, గడియారం లేదు, ముందు సొరుగుకు మూత లేదు, చోదకుడి పక్కన కూర్చునేవారికి ఎండ తెర లేదు. లోపలి నుంచి తలుపు తెరవడానికి పిడికి బదులు ఒక పట్టీ బిగించారు. ముందు మూతపై ఉండాల్సిన లోహపు చిహ్నం స్థానంలో స్టిక్కరు అంటించారు. ఇన్ని వస్తువులు తీసేసినందుకు కొనుగోలుదారుకు ధర తగ్గలేదు సరికదా, 34,000 మార్కుల మూల ధరపై మరో 700 మార్కులు చెల్లించవలసి వచ్చింది.

ఆ 700 మార్కులకు దక్కింది తేలికదనం. సౌకర్యాలతో కూడిన ‘టూరింగ్’ రకం 1,075 కిలోలు తూగితే, ‘స్పోర్ట్’ రకం 960 కిలోలు తూగింది. ఇంజిను రెండింటికీ ఒక్కటే. దాని శక్తి 210 అశ్వశక్తి.

అర్ధ శతాబ్దం గడిచినా, పాత స్పోర్ట్స్ కారును పందేలకు సిద్ధం చేసే పని ఈ లెక్కతోనే మొదలవుతుంది. ఏ బరువును తీసేయవచ్చు, దేన్ని తాకకూడదు, తీసిన చోట తిరిగి ఏమి అమర్చాలి అన్న మూడు ప్రశ్నలు కారు తయారీదారు ముందుంటాయి. వీటిలో ఒక్కదానికి జవాబు తప్పినా, దాని మూల్యం ఓటమితో ఆగకపోవచ్చు. పందేల చరిత్రలో ఆ మూల్యాన్ని ప్రాణాలతో చెల్లించిన సందర్భాలున్నాయి.

శక్తికీ బరువుకీ నిష్పత్తి

కారు ఎంత చురుగ్గా వేగం అందుకుంటుందన్నది ఇంజిను శక్తి ఒక్కదానిపైనే ఆధారపడదు. ఆ శక్తి ఎంత బరువును కదిలించాలన్నదే అసలు లెక్క. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన పోర్షే 911 శక్తి 130 అశ్వశక్తి, బరువు దాదాపు 1,080 కిలోలు. అంటే టన్నుకు 120 అశ్వశక్తి. 1972 నాటి ‘టూరింగ్’ రకంలో ఇది 195కు, ‘స్పోర్ట్’ రకంలో 219కి చేరింది.

ఇంజినును ముట్టుకోకుండా, 115 కిలోలు దించడం ద్వారానే ఈ రెండింటి మధ్య తేడా వచ్చింది. ‘టూరింగ్’ కారు బరువు తగ్గించకుండా అదే నిష్పత్తి సాధించాలంటే ఇంజిను నుంచి మరో 25 అశ్వశక్తి రాబట్టాలి. అలా రాబట్టిన శక్తి ఉపయోగపడేది యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే. బరువు తగ్గడం వల్ల కలిగే మేలు పందెం పొడవునా అందుతుంది. బ్రేకు వేసినప్పుడు అణచవలసిన గతిజశక్తి బరువుతో పాటే తగ్గుతుంది కనుక బ్రేకులు తక్కువ వేడెక్కుతాయి. మలుపులో కారును బయటికి నెట్టే ఒత్తిడి తగ్గుతుంది. టైర్లు ఎక్కువసేపు మన్నుతాయి. ఇంధనం తక్కువ ఖర్చవుతుంది.

టైరుకు సంబంధించి మరో సూక్ష్మం ఉంది. టైరుపై భారం రెట్టింపైతే నేలను పట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది కాని, అది పూర్తిగా రెట్టింపు కాదు. భారం పెరిగే కొద్దీ ప్రతి కిలోకు దక్కే పట్టు తగ్గుతూ పోతుంది. అందుకే ఒకే రకం టైర్లున్న రెండు కార్లలో తేలికైనది మలుపులను ఎక్కువ వేగంతో దాటగలుగుతుంది.

గుర్రపు పందేల నిర్వాహకులకు ఈ సంగతి ఏనాటి నుంచో తెలుసు. హైదరాబాద్ మలక్‌పేటలోనైనా మరో నగరంలోనైనా, హ్యాండిక్యాప్ పందెంలో మేటి గుర్రంపై అదనపు బరువు మోపుతారు. ఆ బరువే పోటీని సమం చేస్తుంది.

వెనుక ఇంజిను తెచ్చిన చిక్కు

ఎంత బరువు తగ్గిందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ తగ్గిందన్నదీ అంతే ముఖ్యం. ఈ విషయంలో 911 కారు ఒక పాఠ్యపుస్తకం లాంటిది. దాని ఇంజిను వెనుక ఇరుసుకు కూడా అవతల, కారు తోక భాగంలో ఉంటుంది. మొత్తం బరువులో దాదాపు 60 శాతం వెనుక చక్రాలపైనే పడుతుంది. నిలిచిన చోటి నుంచి దూకుడుగా బయలుదేరడానికి ఇది అనుకూలమే. మలుపు మధ్యలో చోదకుడు యాక్సిలరేటర్ నుంచి హఠాత్తుగా కాలు తీస్తే మాత్రం భారం ముందుకు వాలుతుంది. వెనుక టైర్ల పట్టు సడలుతుంది. బరువైన తోక లోలకంలా బయటికి ఊగి కారును గిరగిరా తిప్పేస్తుంది.

తొలి సంవత్సరాల్లో ఈ చిక్కును అదుపు చేయడానికి సంస్థ ముందు బంపరు మూలల్లో పోత ఇనుప దిమ్మెలు దాచింది. స్పోర్ట్స్ కారుకు కావాలని బరువు చేర్చడం అరుదైన సంగతి. 1969 నమూనాలో ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని 2,211 మిల్లీమీటర్ల నుంచి 2,268 మిల్లీమీటర్లకు పెంచారు. 57 మిల్లీమీటర్ల ఆ మార్పు కారు నడకను చాలావరకు కుదుటపరిచింది.

పందేల కోసం 911ను తేలిక చేసేవారు ముందుగా తోక భాగంపైనా, పైకప్పు, అద్దాల వంటి ఎత్తైన భాగాలపైనా దృష్టి పెట్టడానికి కారణమిదే. ఎత్తులో ఒక కిలో తగ్గితే గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది. చివరన ఒక కిలో తగ్గితే కారు తిరగబడే జోరు తగ్గుతుంది. అదే కిలో కారు మధ్యలో, నేలకు దగ్గరగా తగ్గితే అంత ఫలితం ఉండదు. ఆర్‌ఎస్ కారులో బాతు తోకను పోలిన పలకను ఇంజిను మూతపై అమర్చింది కూడా తోక కోసమే. అధిక వేగంలో గాలి కారు వెనుక భాగాన్ని పైకి లేపకుండా అది తగ్గించింది. వెనుక చక్రాలను ముందు వాటికంటే వెడల్పుగా, ముందు ఆరు అంగుళాలు, వెనుక ఏడు అంగుళాలుగా అమర్చారు.

చట్రం దగ్గర మొదలు

నేడు అసలైన ఆర్‌ఎస్ కార్లు సేకర్తల సంపద. పందెపు కారు నిర్మించదలచినవారు ఎక్కువగా అదే కాలానికి చెందిన సాధారణ 911ను ఆధారంగా తీసుకుంటారు. మొదటి పని ఇంజిను జోలికి వెళ్లడం కాదు, తుప్పు వెతకడం. 1970ల మధ్య వరకు వచ్చిన 911 బాడీ ఉక్కుకు పూర్తిగా జింకు పూత ఉండేది కాదు. తలుపుల కింది పెట్టె భాగాలు, ముందు పెట్రోలు ట్యాంకు పరిసరాలు, వెనుక సస్పెన్షన్‌ను మోసే గొట్టం చివరలు తుప్పుకు నెలవులు. పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల రేకు జల్లెడై ఉండవచ్చు. అలాంటి చోట సస్పెన్షన్ ఊడితే గంటకు 200 కిలోమీటర్ల వేగంలో చోదకుడు చేయగలిగిందేమీ లేదు.

అందుకే కారును పూర్తిగా విప్పి, ఒట్టి డొల్లగా మార్చి, రంగు తొలగించి, ప్రతి అతుకునూ పరీక్షిస్తారు. చప్పుడు వినిపించకుండా నేలపై అంటించిన తారు పలకలను పెరికివేస్తారు. వాటిపై డ్రై ఐస్ పరిస్తే తారు పెళుసుబారి, సుత్తి దెబ్బకు పెచ్చులుగా ఊడి వస్తుంది. కార్పెట్లు, వెనుక సీట్లు, హీటరు, వైరింగులో అక్కరలేని తీగలు వరుసగా బయటికి వెళ్తాయి. ఒక్కొక్క వస్తువు బరువు కొద్దిపాటిదే. పదులకొద్దీ వస్తువులు కలిస్తే ఒక మనిషి బరువును మించుతుంది.

తర్వాతి మెట్టు పదార్థాల మార్పిడి. ముందు మూత, ఇంజిను మూత, బంపర్లను ఫైబర్‌గ్లాస్‌తో చేస్తారు. పక్క అద్దాలు, వెనుక అద్దం స్థానంలో పాలికార్బొనేటు పలకలు పెడతారు. అంతే మందం గల గాజుతో పోలిస్తే వాటి బరువు దాదాపు సగం. ముందు అద్దాన్ని మాత్రం గాజుగానే ఉంచడం పరిపాటి. పాలికార్బొనేటుపై గీతలు త్వరగా పడతాయి. ఎదురెండలోనో, వానలోనో చూపు మసకబారితే తగ్గిన బరువు వల్ల ప్రయోజనం ఉండదు.

రేకు తొలగించి డొల్లను పలచన చేసే కొద్దీ అది మెలితిరగడం మొదలవుతుంది. మెలితిరిగే చట్రంపై ఎంత ఖరీదైన సస్పెన్షన్ బిగించినా వృథా. కర్మాగారంలో చుక్కలు చుక్కలుగా వెల్డింగు చేసిన అతుకులను, నిబంధనలు అనుమతించిన మేరకు, నిడుపుగా వెల్డింగు చేసి గట్టిపరుస్తారు. గట్టిదనాన్ని పెంచే పనిలో సింహభాగం రక్షణ పంజరానిది. దాని ప్రస్తావన ముందు రానుంది.

మోంజా నేర్పిన పాఠం

తేలికదనానికి హద్దు ఎక్కడుందో తెలిపే ఉదంతం ఒకటి 1967 చివర్లో ఇటలీలోని మోంజా పథంపై జరిగింది. సుదూర పరుగులో ప్రపంచ రికార్డులు నెలకొల్పాలని స్విట్జర్లాండ్ చోదకుల బృందం ఒకటి పూనుకుంది. జో సిఫర్ట్, డీటర్ ష్పోరీ, రికో స్టైనెమన్, షార్ల్ ఫోగెలె ఆ బృంద సభ్యులు. వారు మొదట ఎంచుకున్నది పోర్షే 906. అది పందేల కోసమే పుట్టిన తేలికపాటి కారు. మోంజాలోని ఏటవాలు మలుపుల కాంక్రీటు గతుకులమయం. ఆ కుదుపులకు 906 సస్పెన్షన్ ఆధారాలు తాళలేకపోయాయి. ప్రయత్నం మధ్యలో ఆగిపోయింది.

దాని స్థానంలో బృందం 911ఆర్ కారును రంగంలోకి దింపింది. రోడ్డు కారైన 911 డొల్లకు ఫైబర్‌గ్లాస్ తలుపులు, మూతలు, బంపర్లు, ప్లాస్టిక్ కిటికీలు తొడిగి సుమారు 800 కిలోలకు దించిన కారు అది. 906లో ఉన్న కోవకే చెందిన రెండు లీటర్ల ఇంజిను 210 అశ్వశక్తిని ఇచ్చేది. రోడ్ల గుంతలను తట్టుకునేలా రూపొందిన మూల చట్రం దానికి అండ. నాలుగు రోజుల పాటు రాత్రింబవళ్లు పరుగెత్తి, ఆ కారు 20,000 కిలోమీటర్లను గంటకు సగటున 209 కిలోమీటర్ల వేగంతో పూర్తి చేసింది.

బరువు దించేటప్పుడు భారం మోసే భాగాలను వదిలిపెట్టి, మోయని భాగాలను తీసేయాలన్న సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అరుదు. అయినా 911ఆర్ ఎక్కువ కాలం వెలుగులో నిలవలేదు. గ్రాండ్ టూరింగ్ కార్ల తరగతిలో గుర్తింపు పొందాలంటే 500 కార్లు తయారు చేయాలి. అన్ని కార్లు అమ్ముడుపోవని సంస్థ వెనుకంజ వేసింది. నాలుగు నమూనాలు, మరో 20 కార్లతో తయారీ ఆగిపోయింది. ఐదేళ్ల తర్వాత ఆర్‌ఎస్ విషయంలోనూ అదే సందేహం తలెత్తింది. ఈసారి మొదటి 500 కార్లు కొన్ని వారాల్లోనే అమ్ముడయ్యాయి. 1973 వేసవి నాటికి ఆ సంఖ్య 1,580కి చేరింది.

ఇంజిను నుంచి శక్తి

శక్తిని పెంచే మార్గాలు ప్రధానంగా మూడు. సిలిండర్ల ఘనపరిమాణం పెంచడం, ఇంజిను వేగం పెంచడం, ప్రతి దహనంలోనూ ఎక్కువ గాలి, ఇంధనం లోపలికి పంపడం.

పోర్షే మొదటి మార్గాన్ని ఎంత పొదుపుగా వాడిందో ఆర్‌ఎస్ చూపుతుంది. 70.4 మిల్లీమీటర్ల పిస్టన్ ప్రయాణాన్ని మార్చకుండా, సిలిండరు వ్యాసాన్ని 84 నుంచి 90 మిల్లీమీటర్లకు పెంచారు. దాంతో ఆరు సిలిండర్ల ఇంజిను 2,341 ఘన సెంటీమీటర్ల నుంచి 2,687కు పెరిగింది. సిలిండరు లోపల ప్రత్యేక తొడుగుకు బదులు నికెల్, సిలికాన్ కార్బైడు కలిసిన పలుచని పూత వాడటం వల్ల బయటి కొలత పెద్దగా మారకుండానే లోపల చోటు దొరికింది. ఇంజిను శక్తి పెరిగింది. దాని బరువు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు.

పందేలకే ప్రత్యేకించిన ఆర్‌ఎస్‌ఆర్ రకంలో వ్యాసం 92 మిల్లీమీటర్లకు, ఘనపరిమాణం 2,808కి చేరింది. ప్రతి సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు అమర్చారు. శక్తి 300 అశ్వశక్తి దాటింది. ఆర్‌ఎస్ ఇంజిను నిమిషానికి 6,300 చుట్ల వద్ద గరిష్ఠ శక్తిని చేరితే, ఆర్‌ఎస్‌ఆర్ ఇంజిను 8,000 చుట్ల వద్ద చేరింది.

ఈ చివరి అంకె వెనుక పెద్ద మూల్యం ఉంది. పిస్టన్‌ను ఆపి వెనక్కి లాగే ప్రతిసారీ కనెక్టింగ్ రాడ్డుపై పడే బలం, ఇంజిను వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగం 6,300 నుంచి 8,000కు పెరిగితే ఆ బలం దాదాపు 60 శాతం అధికమవుతుంది. కాబట్టి రాడ్లు, వాటి బోల్టులు, వాల్వు స్ప్రింగులు సాధారణ కారువి పనికిరావు. పగుళ్లు ఉన్నాయేమో పరీక్షించి, ఒక్కొక్క రాడ్డునూ తూచి, అన్నీ ఒకే బరువుకు తెచ్చాకే బిగిస్తారు. పందెపు ఇంజిను ఆయుర్దాయాన్ని కిలోమీటర్లలో లెక్కించరు, గంటల్లో లెక్కిస్తారు.

నూనె సరఫరా మరో కీలకం. మలుపుల్లో నూనె పక్కకు ఒరిగి పంపుకు అందకపోతే బేరింగులు క్షణాల్లో మాడిపోతాయి. 911లో మొదటి నుంచీ నూనెను వేరే ట్యాంకులో నిల్వ చేసే ఏర్పాటు ఉంది. పందెపు కారులో నూనెను చల్లబరిచే అదనపు రేడియేటరును ముందు భాగంలో అమరుస్తారు. గాలితో చల్లబడే ఈ ఇంజినుకు నూనె కందెన మాత్రమే కాదు, వేడిని మోసుకుపోయే వాహకం కూడా.

ఆగే శక్తి, తిరిగే నేర్పు

శక్తి పెంచిన కారుకు దానికి తగిన బ్రేకులు లేకపోతే ప్రమాదం పొంచి ఉన్నట్టే. గతిజశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల నుంచి ఆగడానికి ఖర్చయ్యే శక్తికి నాలుగు రెట్లు 200 కిలోమీటర్ల నుంచి ఆగడానికి కావాలి. ఆర్‌ఎస్‌ఆర్ కారుకు పోర్షే ఇంజినీర్లు తమ అతి శక్తిమంతమైన 917 పందెపు కారు బ్రేకులనే తెచ్చి బిగించారు. గాలి ఆడే ఆ డిస్కులకు రంధ్రాలు కూడా ఉండేవి.

సస్పెన్షన్ అమరికలో చివరి ఘట్టం తూకం. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, చోదకుడిని సీట్లో కూర్చోబెట్టి, ట్యాంకులో తగినంత ఇంధనం పోసి తూస్తారు. ఒక మూల ఎక్కువ, దాని ఎదుటి మూల తక్కువ భారం మోస్తుంటే కారు కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో మరోలా ప్రవర్తిస్తుంది. కుంటుతున్న కుర్చీ కాలి కింద అట్టముక్క పెట్టినట్టు, ప్రతి మూల ఎత్తునూ కొద్దికొద్దిగా సవరిస్తూ భారాన్ని సమం చేస్తారు.

ఈ పనులన్నీ సమకూరితే ఏమవుతుందో 1973 చూపించింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలోని డేటోనా 24 గంటల పందెంలో పీటర్ గ్రెగ్, హర్లీ హేవుడ్ నడిపిన ఆర్‌ఎస్‌ఆర్ విజేతగా నిలిచింది. మే నెలలో సిసిలీ కొండదారుల్లో జరిగిన టార్గా ఫ్లోరియోలో హెర్బర్ట్ ముల్లర్, గిస్ వాన్ లెన్నెప్ మరో ఆర్‌ఎస్‌ఆర్‌ను గెలిపించారు. రెండు చోట్లా దానికంటే శక్తిమంతమైన, పూర్తిగా పందేలకే పుట్టిన కార్లు బరిలో ఉన్నాయి. వాటిలో పలు కార్లు దారిలో చెడిపోయాయి. ఆర్‌ఎస్‌ఆర్ చివరిదాకా నిలిచింది.

తేలికదనం ప్రాణాంతకమైన వేళ

లోహాల్లో ఉక్కు సాంద్రత 7.85, అల్యూమినియం సాంద్రత 2.7. మెగ్నీషియం సాంద్రత 1.74 మాత్రమే. బరువుపై పోరాటంలో ఇంజినీర్లు మెగ్నీషియం వైపు చూడటం సహజం. అయితే ఒకసారి అంటుకుంటే ఆ లోహం కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లని మంటతో మండుతుంది. నీళ్లు పోస్తే మంట మరింత రేగుతుంది.

1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని ల మాన్ పందెంలో పియేర్ లెవేగ్ నడుపుతున్న మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ మరో కారును తాకి గాలిలోకి లేచింది. ముక్కలై ప్రేక్షకులపై పడింది. లెవేగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించారు. కారు బాడీ మెగ్నీషియం మిశ్రమంతో చేసినది కావడంతో మంటలను ఆర్పడం సిబ్బందికి శక్తికి మించిన పనైంది. ఆ దుర్ఘటన తర్వాత స్విట్జర్లాండ్ తన గడ్డపై సర్క్యూట్ పందేలను నిషేధించింది. 1968 జులైలో ఫ్రాన్స్‌లోనే రువాన్ వద్ద జరిగిన ఫార్ములా వన్ పందెంలో మెగ్నీషియం బాడీ గల హోండా కారు బోల్తా పడి మండిపోయింది. చోదకుడు జో ష్లెసర్ అందులోనే ప్రాణాలు కోల్పోయాడు.

చట్రాన్ని పలచన చేసినప్పుడు పగుళ్ల బెడద కూడా తోడవుతుంది. పోర్షే 917 చట్రం సన్నని అల్యూమినియం గొట్టాలతో అల్లినది. ఎక్కడైనా పగిలితే తెలియడానికి ఆ గొట్టాల్లో పీడనంతో వాయువును నింపి, చోదకుడి ఎదుట ఒక మీటరు పెట్టారు. ముల్లు పడిపోతే చట్రం చీలుతోందని అర్థం. తేలికదనం కోసం ఎంత అంచుకు వెళ్లారో ఆ చిన్న మీటరు చెబుతుంది.

తిరిగి ఎక్కించాల్సిన బరువు

ఆ తరం చేసిన త్యాగాల నుంచే నేటి భద్రతా నిబంధనలు రూపుదిద్దుకున్నాయి. పాత కారును పందెపు కారుగా మార్చేవారు ఇప్పుడు తీసేసిన బరువులో కొంత భాగాన్ని మరో రూపంలో తిరిగి ఎక్కించక తప్పదు.

అందులో మొదటిది రోల్ కేజ్ అనే రక్షణ పంజరం. అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం దాన్ని అతుకు లేని కార్బన్ ఉక్కు గొట్టంతో చేయాలి. చోదకుడి వెనుక ఉండే ప్రధాన కమాను గొట్టం 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం, లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం కలిగి ఉండాలి. మిగిలిన గొట్టాలు కొంచెం సన్ననివైనా సరే. మీటరు గొట్టం రెండు నుంచి రెండున్నర కిలోల దాకా తూగుతుంది. పంజరానికి 20 మీటర్ల గొట్టం పట్టిందనుకుంటే 40 కిలోలకు పైగా బరువు తిరిగి కారులోకి చేరినట్టే. కార్పెట్లు, తారు పలకలు తీసి ఆదా చేసిందంతా ఈ ఒక్క పద్దుకే ఖర్చు కావచ్చు. అయితే ఈ బరువు ఊరికే కూర్చోదు. కారు బోల్తా పడినప్పుడు కప్పు నలగకుండా కాపాడుతుంది. మామూలు వేళల్లో చట్రం మెలితిరగకుండా గట్టిపరుస్తుంది. ఫైబర్‌గ్లాస్ తలుపు పక్క దెబ్బను ఆపలేదు కనుక, తలుపుకు అడ్డంగా ఉండే గొట్టాలే అక్కడ చోదకుడికి గోడ.

రెండోది ఇంధన ట్యాంకు. లోహపు ట్యాంకు నలిగితే చీలుతుంది. దానికి బదులు రబ్బరు సంచి వంటి ట్యాంకును పెట్టెలో అమర్చి, లోపల నురుగు దిమ్మెలు నింపుతారు. దెబ్బ తగిలితే సంచి వంగుతుంది తప్ప సులువుగా పగలదు. నురుగు ఇంధనం ఒక్కసారిగా చిమ్మకుండా ఆపుతుంది. వీటితో పాటు మంటలార్పే సాధనం, విద్యుత్తును ఒక్క మీటతో తెంచే స్విచ్చి, పలు పట్టీల సీటు బెల్టు, తలను, మెడను కాపాడే కట్టు తప్పనిసరి అవుతున్నాయి. బెల్టులకు, ఇంధన సంచులకు గడువు తేదీ ఉంటుంది. చూడటానికి కొత్తగా ఉన్నా గడువు దాటితే తనిఖీలో కారును తిప్పి పంపుతారు.

నియమాల చట్రం

పాత కార్ల అంతర్జాతీయ పందేలకు ఎఫ్‌ఐఏ ప్రత్యేక నిబంధనావళి ఉంది. కారు తన కాలంలో ఏ రూపంలో పోటీ చేసిందో ఆ రూపంలోనే ఉండాలన్నది దాని సారాంశం. కారు వివరాలు, ఛాయాచిత్రాలతో కూడిన సాంకేతిక పాస్‌పోర్టు దానికి ఆధారం. నేటి కార్బన్ ఫైబరు, నేటి ఎలక్ట్రానిక్స్ తెచ్చి 1973 నాటి కారులో పెడితే అది చారిత్రక పందెంలో చెల్లదు. భద్రతా సామగ్రికి మాత్రం మినహాయింపు ఉంటుంది.

కనీస బరువు కూడా ఆ నిబంధనల్లో భాగమే. అంతకంటే తేలికైన కారును అనుమతించరు. మరి కనీస బరువు కంటే తేలికగా కారును నిర్మించడం దేనికి? తక్కువ పడిన బరువును దిమ్మె రూపంలో చేర్చే చోట, దాన్ని నేలకు దగ్గరగా, కావలసిన మూలలో బిగించుకునే స్వేచ్ఛ దొరుకుతుంది. ఎత్తులో ఉన్న 20 కిలోలను నేలమట్టానికి దించగలిగినవారు మొత్తం బరువు మారకుండానే మలుపుల్లో లాభపడతారు.

మన పథాలపై తేలికదనం

భారత్‌లో సర్క్యూట్ పందేలకు పునాది వేసిన చోట్లలో చెన్నై సమీపంలోని షోలవరం ఒకటి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమాన పట్టీపై అక్కడ దశాబ్దాల పాటు పందేలు జరిగాయి. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాటికి ఆయువుపట్టు. విదేశీ స్పోర్ట్స్ కార్లు అరుదైన ఆ రోజుల్లో తేలికదనం మన చోదకులకు మరింత అక్కరకొచ్చింది. బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ అందుకు నిదర్శనం. ఫైబర్‌గ్లాస్ బాడీ, 848 ఘన సెంటీమీటర్ల అల్యూమినియం ఇంజిను గల ఆ చిన్న కారు అంగళ్లలో నిలదొక్కుకోలేకపోయినా, పందేల ప్రియులను ఆకట్టుకుంది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజినుతో ఒకే సీటు గల ఫార్ములా మారుతి కార్లను తీర్చిదిద్దారు. సాధారణ కుటుంబ కారు ఇంజినే తేలికపాటి చట్రంలో కుదిరితే ఒక తరం చోదకులకు బడిగా మారింది.

విద్యుత్ యుగంలోనూ ఈ లెక్క మారలేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తీరాన పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లు అంతకుముందు తరం కంటే శక్తిమంతమైనవే కాక, తేలికైనవి కూడా.

పని వరుస

పాత స్పోర్ట్స్ కారును పందేలకు సిద్ధం చేయదలచినవారు ఖర్చులో వరుస తప్పకూడదు. తొలి ఖర్చు తుప్పు లేని డొల్లకు, రక్షణ పంజరానికి, సీటుకు, బెల్టుకు, ఇంధన సంచికి. ఆ తర్వాత బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు. సాధారణ ఇంజినుతోనే కొన్ని రోజులు పథంపై నడిపి, కారు ఎక్కడ తడబడుతోందో తెలుసుకున్నాకే శక్తి పెంచే పనికి పూనుకోవడం మేలు. భారత్‌లో ఈ క్రీడను పర్యవేక్షించే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు చోదకుడికి, ఆమోదించిన పథం, తనిఖీ అధికారుల అనుమతి కారుకు అవసరం. ఇలా మార్చిన కారును ప్రజా రహదారిపై పరీక్షించడం నేరం, ప్రమాదకరం.

ప్రతి పందెం తర్వాత కారు తిరిగి కొట్టానికి చేరుతుంది. చక్రాలు విప్పి బ్రేకు పలకల మందం కొలుస్తారు. సస్పెన్షన్ బోల్టులు సడలాయేమో, పంజరం అతుకుల్లో వెంట్రుక వాసి పగులు కనిపిస్తోందేమో దీపం పట్టి చూస్తారు. తీసేసిన ప్రతి కిలో మిగిలిన లోహంపై అదనపు బాధ్యత మోపింది. ఆ లోహం ఇంకా నిలబడి ఉందని తేలాకే కారును మళ్లీ కాటా ఎక్కిస్తారు.